ఎడారిలో ఎండు గెడ్డకి వరద వస్తుందా? ఆరిజోనాలో ఉన్నవాళ్ళు చెప్పాలి

గుణుపురం డ్రైవర్

అందరికీ నమస్కారం. నాది ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురం. ప్రైవేటు బస్సుల్లో పర్లాకిమిడి లైను, రాయగడ లైను తోలి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఫోన్లో తెలుగు కొట్టడం పెద్ద మనవడు నేర్పాడు. తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నోడికి అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం, టూసాన్ అనే ఊళ్ళో ఉద్యోగం. ఈమధ్యే అద్దె ఇల్లు మారాడు. వీడియో కాల్‌లో గదులన్నీ చూపించి, చివరికి పెరటి గోడ తలుపు తీసి "ఇది వాష్ నాన్నా, సాయంత్రాలు ఇక్కడే నడుస్తాం" అని ఇసుక చూపించాడు. చూడగానే అర్థమైంది, అది గెడ్డ, అదే కొండ వాగు. రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పు. రెండు వైపులా నిలువుగా కోసుకుపోయిన మట్టి గట్లు. చుక్క నీరు లేదు. మా మనవరాలు అందులో కూర్చుని ప్లాస్టిక్ పారతో గొయ్యి తవ్వుతోంది.

అంతటితో అయిపోలేదు. వాడు ఆఫీసుకి వెళ్ళే దారి ఒకచోట ఇలాంటి దాన్నే దాటుతుందట. వంతెన లేదు. రోడ్డే కిందికి దిగి, ఇసుక మట్టానికి వచ్చి, అవతల పైకెక్కుతుంది. నీరుంటే దిగొద్దని పక్కన బోర్డు పెట్టారు. బోర్డు పెట్టారంటే నీరు వస్తుందనే కదా. ఆ మాటే అడిగితే నవ్వాడు. "ఏడాది పొడుగునా కలిపి ఇక్కడ పడేది ముప్పై సెంటీమీటర్లు కూడా లేదు నాన్నా. మన దగ్గర ఒక్క తుఫానుకి అంత పడుతుంది. పైగా నా బండి ఎత్తు, నీకేం భయం అక్కర్లేదు" అన్నాడు.

వాడి లెక్క నాకు మింగుడుపడలేదు. మా లైన్లలో ఇప్పుడు చాలాచోట్ల వంతెనలు వచ్చాయి గానీ, నేను స్టీరింగు పట్టిన కాలంలో గెడ్డ దాటాలంటే చప్టాయే, నీరు మీదుగా పారే సిమెంటు దారి. చప్టాకి రెండు పక్కలా సున్నం కొట్టిన గార్డు రాళ్ళు ఉండేవి. వాటి తలలు కనిపిస్తున్నాయా లేదా, అదే నా మీటరు. కనబడకపోతే ఇంజను ఆపేసి దిగి బీడీ ముట్టించడమే. వెనకనుంచి జనం గోల పెట్టేవారు, "ఎదర లారీ పోయింది కదా, పోనీవయ్యా" అని. లారీలో సిమెంటు బస్తాలున్నాయి. నా బస్సులో ఉన్నది మనుషులు, అందులో సగం మంది సంత నుంచి వస్తున్న సవర ఆడవాళ్ళు, పిల్లలు. క్లీనర్ కుర్రాడు కర్ర పట్టుకుని లోతు చూసొస్తానంటే కూడా దిగనిచ్చేవాణ్ణి కాదు.

గెడ్డ రాబోతోందని తెలుసుకోవడానికి మాకు గుర్తులున్నాయి. సన్నగా పారే నీరు ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. తర్వాత ఆకులు, పుల్లలు, నురుగు. తర్వాత కొండ వైపు నుంచి హోరు. రంగు మారిందంటే పైన ఎక్కడో వాన కొట్టేసిందని లెక్క, మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే.

నా అనుమానం ఇక్కడే. మన గెడ్డలో ఎప్పుడూ కాస్తో కూస్తో నీరుంటుంది కాబట్టి రంగు మారితే కనబడుతుంది. అసలు నీరే లేనిచోట రంగు దేన్ని చూసి పట్టుకోవాలి? అక్కడి నీరు ఎంత జోరుగా వస్తుంది, వస్తే ఎంతసేపు ఉంటుంది? ఎత్తు బండి ఎంత లోతు వరకు ఆగుతుంది? పిల్ల ఆ ఇసుకలో ఆడొచ్చా? ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా చెబితే ఉన్నదున్నట్టు వాడికి పంపిస్తాను. నేను చెబితే 'నాన్న టెన్షన్' అని తీసిపారేస్తాడు.

సిరోంచ కిరాణం

అన్నా, నమస్తే. మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఎడారి నేను చూడలేదు. నీళ్ళు మాత్రం కావలసినన్ని చూశాను.

మీ అబ్బాయి లెక్కలోనే తిరకాసు ఉంది. ఏడాదికి ఎంత పడింది అన్నది రైతు అడగాల్సిన మాట. గంటలో ఎంత పడింది, అది ఎటు జారింది అన్నది బండి తోలేవాడు అడగాల్సిన మాట.

మా ఊరికి రెండు రకాల నీళ్ళు వస్తాయి. గోదావరి, ప్రాణహిత వచ్చేటప్పుడు చెప్పి వస్తాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందే, అప్పుడు కూడా మాకు సామాను పై అరల్లోకి ఎక్కించుకునే టైము దొరికింది. వాగు అలా కాదు. ఆ మరుసటి ఏడాది జూలై 27న, నది అవతల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్లు కొట్టింది. మీ అబ్బాయి ఉన్న ఊరికి రెండేళ్ళ వాన అన్నమాట. అదే తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి కూర్చుంటే పడవలు, హెలికాప్టర్లు పెట్టి తీశారు. ఆ ఊరివాళ్ళకి వాగు కొత్తదేం కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

మా జిల్లాలోనే భామ్రాగఢ్ ఉంది. పర్లకోట నది వంతెన మీదుగా పారితే తాలూకా మొత్తం తెగిపోతుంది. అక్కడి దుకాణాల వాళ్ళు వానాకాలానికి ముందే ఉప్పు, నూనె, బియ్యం నింపుకుంటారు. నీళ్ళు తగ్గేదాకా ఎవరూ తొందరపడరు. వాళ్ళు అలవాటుపడ్డది ఆగడానికి. మీ అబ్బాయి ఉన్న ఊళ్ళో ఆ అలవాటు ఉందో లేదో అక్కడివాళ్ళే చెప్పాలి.

టూసాన్ కోడలు

బాబాయిగారూ, మాది పర్లాకిమిడి. పెళ్ళయ్యాక ఈ ఊరే మా ఊరైపోయింది. కాలేజీ రోజుల్లో గుణుపురం బస్సులు చాలాసార్లు ఎక్కాను, మీ బస్సు కూడా ఎక్కే ఉంటాను. కాబట్టి కొంచెం చనువుగా రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మీ అనుమానం నూటికి నూరుపాళ్ళు సరైనది. మీవాడు చెప్పిన వాన లెక్క కూడా తప్పు కాదు. టూసాన్‌కి ఏడాదికి 27, 28 సెంటీమీటర్లు పడుతుంది, అంతే. కానీ అందులో దాదాపు సగం ఎండాకాలం చివర్లో పడుతుంది. ఇక్కడ కూడా దాన్ని మాన్సూన్ అనే అంటారు. వాతావరణ శాఖ లెక్కలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు. మెక్సికో వైపు నుంచి తేమ గాలి వస్తుంది. కింద నేల నలభై డిగ్రీల పైన కాగుతూ ఉంటుంది. ఆ వేడికి గాలి పైకి లేచి కొండల మీద మబ్బు కడుతుంది.

మన దగ్గర ముసురు పడితే రెండు మూడు రోజులు వదలదు కదా, అలాంటిది ఈ కాలంలో దాదాపు ఉండదు. పొద్దున్న ఆకాశం అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నానికి ఊరికి ఉత్తరాన శాంటా కాటలీనా కొండల మీద తెల్లటి మబ్బు మొదలై పైకి పెరుగుతుంది. మూడు, నాలుగు గంటలకి అడుగున నల్లబడుతుంది. ఆ తర్వాత ఒక పేట మీద అరగంట దంచి కొడుతుంది. పక్క పేటలో రోడ్డు తడవదు కూడా. మా ఆయన ఆఫీసు దగ్గర వడగళ్ళు పడుతున్నాయని ఫోన్ చేసిన టైములో నేను ఇక్కడ ఎండలో బట్టలు తీస్తూ ఉన్న రోజులున్నాయి.

ఆ అరగంట వాన ఎక్కడికి పోతుంది? ఇంకడానికి చోటు తక్కువ. కొండలు బండరాయి. పల్లంలో చాలాచోట్ల నేల కింద కలీచీ అనే సున్నపు పొర ఉంటుంది, గునపం కూడా దిగదు. పట్టి ఆపడానికి మన కొండల మీద ఉన్నంత చెట్టూ చేమా లేవు. పెంకుటింటి వాలు మీద పడ్డ నీళ్ళు చూరు దగ్గర కలిసినట్టు, కొండ మీద పడ్డదంతా వాష్‌లోకి ఒక్కసారిగా దిగుతుంది. ఎండిన ఇసుక మీద ముందు నురుగు, పుల్లలు, చెత్త ఒక వరుసగా తోసుకుంటూ వస్తాయి. దాని వెనకే గోధుమరంగు నీళ్ళు. చీలమండ లోతు నుంచి నడుము లోతుకు రావడానికి నిమిషాలు చాలు.

మీరు అడిగిన అసలు ప్రశ్న, రంగు దేన్ని చూసి పట్టుకోవాలని. పట్టుకోలేం బాబాయిగారూ. మీ గుర్తుల్లో మొదటిది ఇక్కడ పనిచేయదు. హోరు వినబడుతుంది గానీ, ఏసీ వేసుకుని అద్దాలు మూసుకున్న కారులో కూర్చున్నవాడికి అదీ వినబడదు. ఇంకా ముఖ్యంగా, వాన మీరున్న చోట పడనక్కర్లేదు. 1997 ఆగస్టు 12న ఈ రాష్ట్రంలోనే ఉత్తరాన పేజ్ అనే ఊరి దగ్గర యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది టూరిస్టులు పోయారు. అది రాతి మధ్య సందు, కొన్నిచోట్ల రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. వాళ్ళున్న చోట చెప్పుకోదగ్గ వాన లేదు. మైళ్ళ అవతల ఎగువన పడింది. వాళ్ళతో ఉన్న గైడు ఒక్కడే బతికి బయటపడ్డాడు.

ఇంకొకటి 2017 జూలై 15న. ఇదే రాష్ట్రంలో పేసన్ అనే ఊరి దగ్గర కొండల్లో జనం ఈతకి వెళ్ళే మడుగు ఉంది. పుట్టినరోజు చేసుకోవడానికి వెళ్ళిన ఒకే కుటుంబంలో 10 మంది కొట్టుకుపోయారు, చిన్న పిల్లలతో సహా. అక్కడ కూడా వాన ఎగువనే. దానికి తోడు అంతకు ముందు నెలే ఆ ఎగువ అడవి కాలింది. కాలిన నేల నీటిని పీల్చుకోదు. బూడిద, కాలిన దుంగలు, బురద అన్నీ కలిసి నల్లగా వచ్చాయి. మా కాటలీనా కొండలు కూడా 2020లో బిగ్‌హార్న్ అనే మంటలో దాదాపు 1,20,000 ఎకరాలు కాలాయి. ఆ తర్వాతి వానాకాలాల్లో కొండ కింద కొన్ని వాష్‌లలో నల్లటి నీళ్ళు రావడం అందరూ చూశారు.

అందుకని ఇక్కడ నేను నెత్తిమీద ఆకాశం చూడను. కొండ వైపు చూస్తాను. నల్లగా ఉంటే, కింద ఎంత ఎండ ఉన్నా వాష్ దాటే దారి పట్టను. రెండోది ఫోను. వాతావరణ శాఖ 'వాచ్' అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి, జాగ్రత్త అని. 'వార్నింగ్' అంటే వచ్చేసింది లేదా వచ్చేస్తోంది అని. వార్నింగ్ తీవ్రమైనదైతే ఫోను దానంతటదే పెద్దగా మోగుతుంది, అన్నిటికీ మోగదు. విసుగేసి ఆ మోత ఆపేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మీవాడి ఫోన్లో అది ఆన్‌లో ఉందో లేదో ముందు అడగండి.

ఇక ఎత్తు బండి సంగతి. ఇక్కడి అధికారులు చెప్పే లెక్క: జోరుగా పారే నీరు అరడుగు ఉంటే పెద్దమనిషిని పడగొడుతుంది. అడుగు ఉంటే చిన్న కారుని తోసుకుపోతుంది. రెండడుగులు ఉంటే ఎస్‌యూవీ, పికప్ లాంటివి కూడా చాలావరకు పోతాయి. బండి ఎంత ఎత్తున్నా నీరు అడుగు భాగాన్ని అందుకోగానే పైకి లేపుతుంది, టైరుకి పట్టు ఉండదు. ఇది మీకు నేను చెప్పేది ఏముంది. కానీ ఒక్క తేడా ఉంది. మీ చప్టా సిమెంటుది, నీటి కింద అది ఉందని మీకు తెలుసు. ఇక్కడ గోధుమరంగు నీళ్ళ కింద రోడ్డు ఉందో, ఇసుకతో పాటు కోసుకుపోయిందో పైనుంచి కనబడదు. మా దారిలో ఉన్న క్రాసింగ్ దగ్గర మీ గార్డు రాళ్ళ లాంటివి కూడా ఏమీ లేవు.

రోడ్డుకి అడ్డం పెట్టిన బారికేడ్ తప్పించుకుని నీళ్ళలోకి దిగి ఇరుక్కుంటే, పైకి తీసిన ఖర్చు మననుంచే వసూలు చేస్తారు. 1995 నుంచి ఉన్న చట్టం, 2,000 డాలర్ల వరకు పడుతుంది. జనం దాన్ని 'స్టుపిడ్ మోటరిస్ట్ లా' అంటారు. తెలివితక్కువ డ్రైవర్ల చట్టం! మీవాడికి ఈ పేరు మాత్రం తప్పకుండా పంపండి, 2,000 డాలర్ల కంటే అదే బాగా పనిచేస్తుంది.

నీరు ఎంతసేపు ఉంటుంది అన్నారు. చిన్న వాష్‌లలో మామూలుగా కొన్ని గంటల్లో జోరు తగ్గిపోతుంది. నీరు పోయాక రోడ్డు మీద ఇసుక మేట, రాళ్ళు, బురద మిగులుతాయి. బారికేడ్ తీసేదాకా వెళ్ళకూడదు. ఊళ్ళో ఉన్న రియీటో నది మీద పెద్ద రోడ్లకి వంతెనలు ఉన్నాయి. పొడిగా ఉన్నప్పుడే ఒక ఆదివారం వంతెనల మీదుగా ఆఫీసుకి వెళ్ళి చూసుకోమనండి. చుట్టు కొంచెం ఎక్కువే అవుతుంది. జూలై, ఆగస్టుల్లో సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం అదే దారి.

పాప విషయం. మిగతా కాలంలో ఆడుకోనివ్వండి, ఆ ఇసుకని చూసి ఎవరికైనా మనసు లాగుతుంది. ఈ మూడున్నర నెలలు వాష్ లోపల ఆట వద్దు. పొద్దున్న కొండలు తేటగా ఉన్నా, రాత్రి ఎగువన ఎక్కడ కొట్టిందో మనకి తెలియదు. మీరు చెప్పిన నిలువు గట్లే అసలు సమస్య. నీరు వస్తే పిల్లే కాదు, పెద్దవాళ్ళు కూడా ఎక్కలేరు. ఆ గట్ల అంచుమీద నిలబడి నీళ్ళని వీడియో తీయడం ఇంకా వద్దు. 1983 అక్టోబరు వరదలో, అది మాన్సూన్ అయిపోయాక వచ్చిందనుకోండి, రియీటో, శాంటా క్రూజ్ నదుల గట్లు కోసుకుపోయి ఇళ్ళకి ఇళ్ళే నీళ్ళలో పడ్డాయి. ఆ తర్వాత ఊళ్ళో పెద్ద ఏర్ల గట్లకి చాలాచోట్ల సిమెంటు కలిపిన మట్టితో గట్టి గోడలు కట్టారు. మీవాడి పెరటి వెనక ఉన్నలాంటి చిన్న వాటికి చాలావరకు అవి ఉండవు. ఇల్లు వరద హద్దులో ఉందో లేదో ఇక్కడి జిల్లా లాంటి పీమా కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ వాళ్ళ సైటులో అడ్రసు కొడితే తెలుస్తుంది. అద్దె ఇంటి ఇన్సూరెన్సు మామూలుగా వరదకి వర్తించదు, దానికి విడిగా తీసుకోవాలి.

పాముల సంగతి రాయలేదు. ఈ కాలంలో అవీ తిరుగుతాయి. అది ఇంకో థ్రెడ్.

ఫీనిక్స్‌లో బరంపురం

పెద్దాయన్ని మరీ భయపెట్టేస్తున్నారు అనిపిస్తోంది. నేను ఫీనిక్స్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాను. వాష్ పక్కనే ఇల్లు. రోజూ కుక్కని తిప్పేది అందులోనే. ఈ రాష్ట్రంలో మనుషుల్ని చంపేది నీళ్ళు కాదండీ, ఎండ. 2023లో మా మారికోపా కౌంటీ ఒక్కదాంట్లోనే వేడి వల్ల 645 మంది చనిపోయారు. పాపకి జూన్‌లో మధ్యాహ్నం ఇసుకే ప్రమాదం, అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. వరద గురించి అయితే బోర్డు చదివి బోర్డు చెప్పింది చేస్తే చాలు, దానికి ఇంత చర్చ అవసరం లేదు.

టూసాన్ కోడలు

ఎండ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను, పెద్ద ప్రమాదం అదే. కానీ బాబాయిగారు అడిగింది ఆ బోర్డు గురించే. బోర్డు ఎందుకుందో అర్థమైనవాడు ఆగుతాడు. అర్థం కానివాడు ముందు కారు దాటింది కదా అని దిగుతాడు. వేసవిలో ఇక్కడి న్యూస్ చానల్ చూడండి, వాష్ మధ్యలో కారు పైకెక్కి కూర్చున్నవాళ్ళు, తాళ్ళు పట్టుకుని వెళ్తున్న ఫైర్ సిబ్బంది. అందులో చాలామంది ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళే.

కుక్కని తిప్పేది పొద్దున్నా, సాయంత్రమా? సాయంత్రం అయితే జూలైలో కాస్త వేరే దారి చూసుకోండి.

ఫీనిక్స్‌లో బరంపురం

పొద్దున్నే లెండి. సాయంత్రం మా కుక్క కూడా ఏసీ వదలదు.

గుణుపురం డ్రైవర్

అమ్మా, ఇంత ఓపిగ్గా రాసినందుకు సంతోషం. సిరోంచ తమ్ముడికి, బరంపురం ఆయనకి కూడా. మనవడి చేత రెండుసార్లు చదివించుకున్నాను.

ఆ కాలిన అడవి మాట నాకు బాగా పట్టింది. మా కొండల మీద పోడు కొట్టేవాళ్ళు మే నెలలో కాలుస్తారు. పోడు కాల్చిన కొండ కింద చప్టా అంటే మొదటి వానలకి మేం ప్రత్యేకంగా భయపడేవాళ్ళం. పచ్చగా ఉన్న కొండ మీద వాన పడితే గెడ్డ నింపాదిగా లేస్తుంది. నల్లగా ఉన్న కొండ మీద పడితే వాన నిలవకముందే చప్టా మీద ఉంటుంది, మసి నీళ్ళతో సహా. ఒక సవర ముసలాయన నాకు ఎప్పుడో చెప్పాడు, గెడ్డ సంగతి గెడ్డ దగ్గర చూడకు, కొండ దగ్గర చూడు అని. టూసాన్‌లో ఉన్న ఈ పర్లాకిమిడి అమ్మాయి కూడా అదే చెబుతోంది.

వాన లెక్క గురించి కూడా ఒక మాట. 2017 జూలైలో మా జిల్లాలోనే నాగావళి, కల్యాణి నదులు ఒక్కసారి లేచి కల్యాణసింగపురం వైపు ఊళ్ళు తెగిపోయాయి, తెరుబలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. రైలు వంతెన! ఆ రోజు గుణుపురంలో మాకు అంత వాన లేదు. టీవీలో చూసి తెలుసుకున్నాం. ఒకే జిల్లా. ఇది చిన్నోడికి గుర్తు చేశాను. అప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు, రైళ్ళు ఆగిపోయాయని సెలవు దొరికిందని సంబరపడ్డాడు. అది మాత్రం బాగా గుర్తుందట.

టైము కూడా లెక్క వేసుకున్నాను. అక్కడ సాయంత్రం నాలుగంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నర. నేను ఎలాగూ లేచే వేళే. డ్రైవర్ అలవాటు, పోదు. జూలై నుంచి ఆ టైముకి ఒక మెసేజ్ పెడతాను, 'కొండ చూశావా' అని. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకొక్కటే అడుగుతాను. ఎంత చెప్పినా రాత్రి వేళ, చీకట్లో, తెలియక దిగిపోయాడనుకోండి. ఇంజను ఆగిపోయింది. అప్పుడు ఏం చెయ్యాలి? మా బస్సుకి వెనక తలుపు, ముందు తలుపు, కిటికీలు, పైకెక్కడానికి నిచ్చెన ఉండేవి. ఆ కార్లకి అన్నీ కరెంటు అద్దాలే కదా.

టూసాన్ కోడలు

మంచి ప్రశ్న అడిగారు. సీటు బెల్టు తీసెయ్యాలి. అద్దాలు కరెంటు పనిచేస్తున్నప్పుడే వెంటనే దించెయ్యాలి, ఆలస్యమైతే దిగకపోవచ్చు. పిల్లల సీటు బెల్టు ముందు విప్పాలి. ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. చుట్టూ నీరు జోరుగా ఉంటే కారు వదిలి నీళ్ళలోకి దూకకూడదు, కారులోనే ఉండాలి. లోపలికి నీరు ఎక్కుతుంటే కిటికీలోంచి కారు పైకి ఎక్కి అక్కడే పట్టుకుని కూర్చోవాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి అమ్ముతారు, అదే బెల్టు కూడా కోస్తుంది. డిక్కీలో కాదు, డ్రైవర్ చేతికి అందేచోట పెట్టుకోవాలి. అది పక్క అద్దానికి. ముందు అద్దం దానితో పగలదు, కొన్ని కొత్త కార్లకి పక్క అద్దాలు కూడా పగలని రకం వస్తున్నాయి, ఆ బండికి ఏది ఉందో అద్దం మూల మీద రాసి ఉంటుంది.

చీకట్లో తెలియకపోవడం అన్నారే, అది నిజమైన సంగతి. రాత్రి తడి రోడ్డూ, నీళ్ళు నిలిచిన రోడ్డూ హెడ్‌లైట్‌కి ఒకేలా మెరుస్తాయి. వాన కాలంలో రాత్రిపూట ఆ క్రాసింగ్ అసలు లేదనుకోమనండి.

సిరోంచ కిరాణం

సుత్తి మాట బాగుంది అక్కా. ఆ సుత్తి ఇక్కడ మా జీపు డ్రైవర్లకి కూడా కావాలి. నాగ్‌పూర్ నుంచి తెప్పిస్తా.

గుణుపురం డ్రైవర్

ఇదంతా వాట్సాప్‌లో చిన్నోడికి పంపాను. 'సరే నాన్నా' అని ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. వాడి 'సరే' సంగతి నాకు తెలుసు. వాడి భార్యకి కూడా పంపాను. ఆ అమ్మాయి అరగంటలో నాలుగు ప్రశ్నలు అడిగింది, ఫోన్లో వార్నింగ్ మోత ఆన్ చేయించింది, పెరటి గోడ తలుపుకి తాళం కొనాలి అంది.